నల్లతెర – రంగుల కిటికీ

పాఠ్యభాగ ఉద్దేశం

కంప్యూటర్‌లో ప్రోగ్రాం రాయడానికి ఉపయోగించే సాధనాన్ని ఎడిటర్ అంటారు. కీబోర్డుతోనే పనిచేసే టెర్మినల్ ఎడిటర్లు కొన్ని. మౌస్, బొమ్మలు, రంగులతో కూడిన ఆధునిక కోడ్ ఎడిటర్లు మరికొన్ని. ఈ రెండు తెగలు ఎలా పుట్టాయో, వాటి లాభనష్టాలు ఏమిటో తెలుపుతూ, పనిముట్టును ఎంచుకునే వివేకాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠం

తాటాకుపై గంటంతో రాసిన గీతను చెరిపివేయడం సాధ్యం కాదు. అందువల్ల లేఖకుడు ముందు ఆలోచించి, తరువాత ఆకును తాకేవాడు. పలకపై బలపంతో రాసే పిల్లవానికి ఆ భయం లేదు. తప్పు దొర్లితే తుడిచి మళ్లీ రాస్తాడు. రాసే చేయి ఎవరిదైనా, పనిముట్టు మారితే రాసే పద్ధతి కూడా మారుతుంది. కంప్యూటర్ యుగంలోనూ ఈ సత్యం మారలేదు. ప్రోగ్రాం రాసేవారి గంటం, పలక రెండూ ఎడిటరే.

కాగితంపై సంభాషణ

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ యూనిక్స్ అనే నిర్వహణ వ్యవస్థకు రూపకల్పన చేశారు. దానితోపాటే ‘ఈడీ’ అనే చిన్న ఎడిటర్‌ను కూడా రాశారు. ఆనాడు చాలామంది కంప్యూటర్‌తో టెలిటైప్ యంత్రం ద్వారా మాట్లాడేవారు. అది టైపు మిషను వంటిది. మనిషి కొట్టిన అక్షరాలు, కంప్యూటర్ ఇచ్చిన సమాధానాలు ఒకే కాగితపు చుట్టపై అచ్చయ్యేవి. ఆ కాలంలో విరివిగా వాడిన ఒక టెలిటైప్ సెకనుకు 10 అక్షరాలు మాత్రమే ముద్రించగలిగేది.

ఇంత నెమ్మదైన యంత్రం ముందు పొడవైన ఆజ్ఞలకు తావు లేదు. అందుకే ఈడీ ఆజ్ఞలు ఒక్కొక్క అక్షరంతో సరిపెట్టుకున్నాయి. పొరపాటు జరిగితే ఈడీ ఇచ్చే సమాధానం కూడా ఒక ప్రశ్నార్థక చిహ్నమే. తప్పు ఎక్కడ జరిగిందో వాడేవారే వెతుక్కోవాలి. అడిగితే తప్ప పాఠ్యం కంటికి కనిపించదు. కాబట్టి రాసినదంతా మనసులో నిలుపుకోవలసి వచ్చేది.

వీఐ ఆవిర్భావం

లండన్‌లోని క్వీన్ మేరీ కళాశాలలో పనిచేసిన జార్జ్ కులూరిస్ ఈడీని కొంత సులభం చేసి ‘ఈఎం’ అనే ఎడిటర్‌ను తయారుచేశారు. ‘మర్త్యుల కోసం ఎడిటర్’ అని దాని పేరుకు అర్థం. ఈడీ దేవతలకే గాని సామాన్య మానవులకు కొరుకుడు పడదన్న చమత్కారం అందులో ఉన్నది. 1976లో కులూరిస్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణానికి వచ్చినప్పుడు బిల్ జాయ్ అనే విద్యార్థి దానిని చూశారు. జాయ్, ఆయన సహచరుడు చక్ హేలీ ఆ బాటలో ‘ఈఎక్స్’ అనే ఎడిటర్‌ను నిర్మించారు. పాఠ్యాన్ని తెర నిండా చూపే దాని రూపమే ‘వీఐ’గా ప్రసిద్ధి చెందింది.

వీఐ స్వభావం తెలియాలంటే జాయ్ పనిచేసిన పరిస్థితిని ఊహించాలి. ఆయన ఇంటి నుండి టెలిఫోను తీగ మీదుగా విశ్వవిద్యాలయ కంప్యూటర్‌తో అనుసంధానమయ్యేవారు. ఆ మోడెం వేగం 300 బాడ్, అంటే సెకనుకు సుమారు 30 అక్షరాలు. తెరపై 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు అనుకుంటే మొత్తం 1920 అక్షరాలు. తెర ఒక్కసారి పూర్తిగా నిండడానికి 64 సెకన్లు పడుతుంది. ప్రతి చిన్న మార్పుకూ తెరంతా తిరిగి గీయించడం జరగని పని. అందువల్ల తక్కువ మీటలతో ఎక్కువ పని చేయడం, మారిన చోటును మాత్రమే తిరిగి చూపడం వీఐకి జన్మతః అబ్బిన గుణాలయ్యాయి.

మరొక విశేషం ఉన్నది. జాయ్ వాడిన ఏడీఎం-3ఏ అనే టెర్మినల్‌లో బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ మీటలపై ముద్రించి ఉండేవి. ఆ నాలుగు మీటలే వీఐలో ఎడమకు, కిందికి, పైకి, కుడికి జరిగే మీటలయ్యాయి. ఆ టెర్మినల్ ఎప్పుడో కనుమరుగైంది. దానిని చూడనైనా చూడని నేటి ప్రోగ్రామర్ల వేళ్లు మాత్రం ఆ మీటలపైనే నడుస్తున్నాయి.

ఆజ్ఞలకు ఒక వ్యాకరణం

వీఐలో ప్రధానంగా రెండు స్థితులున్నాయి. చేర్పు స్థితిలో కొట్టిన అక్షరం పాఠ్యంలో చేరుతుంది. సాధారణ స్థితిలో అదే అక్షరం ఆజ్ఞ అవుతుంది. ‘ఐ’ మీట నొక్కితే చేర్పు స్థితికి, ‘ఎస్కేప్’ మీట నొక్కితే సాధారణ స్థితికి చేరవచ్చు.

ఈ ఆజ్ఞల అమరికలో ఒక భాషా లక్షణం కనిపిస్తుంది. ‘డి’ అంటే తొలగించు. ‘డబ్ల్యు’ అంటే పదం. ఈ రెండూ వరుసగా నొక్కితే ఒక పదం తొలగుతుంది. నడుమ 3 చేర్చితే మూడు పదాలు తొలగుతాయి. ‘డి’ స్థానంలో ‘సి’ ఉంచితే మార్చు అనీ, ‘వై’ ఉంచితే నకలు తీసుకో అనీ అర్థం. తెలుగు వాక్యంలో సాధారణంగా కర్మ ముందు వచ్చి, క్రియ చివర నిలుస్తుంది. వీఐ వాక్యంలో క్రియ ముందు, కర్మ తరువాత. పది క్రియలు, ఇరవై కర్మలు నేర్చినవారు ముప్పై విషయాలు గుర్తుంచుకుని రెండువందల పనులు చేయగలరు. ఆజ్ఞల పట్టికను బట్టీ పట్టడం వేరు, ఆజ్ఞల భాషను నేర్వడం వేరు. వీఐని ఇష్టపడేవారు దానిని అంత తేలికగా విడువకపోవడానికి కారణం ఇదే.

స్థితులు వద్దన్న వాదం

అదే కాలంలో కాలిఫోర్నియాలోనే దీనికి పూర్తిగా భిన్నమైన ఆలోచన రూపుదిద్దుకున్నది. జిరాక్స్ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ కలిసి ‘జిప్సీ’ అనే పాఠ్య సాధనాన్ని తయారుచేశారు. ఒక మీటకు ఒకసారి ఒక అర్థం, మరొకసారి మరొక అర్థం ఉండడం సామాన్యులను తికమకపెడుతుందని టెస్లర్ విశ్వసించారు. అక్షరపు మీట నొక్కితే అక్షరమే రావాలి. మార్చవలసిన భాగాన్ని మౌస్‌తో చూపితే చాలాలి. నేడు అందరూ ఎరిగిన కత్తిరించు, నకలుచేయి, అతికించు అనే పద్ధతి ఆ కృషి ఫలితమే. స్థితులపై ఆయనకు ఎంత వ్యతిరేకత ఉండేదంటే, తన కారు నంబరు పలకపై ‘నో మోడ్స్’ అని రాయించుకున్నారు. 2020లో టెస్లర్ కన్నుమూశారు.

ఇద్దరిలో ఎవరు ఒప్పు? ఈ ప్రశ్నకు ముందు మరొక ప్రశ్న వేసుకోవాలి. ఎవరి కోసం, ఏ యంత్రం మీద? జాయ్ ఎదుట ఉన్నది నెమ్మదైన టెలిఫోను తీగ, ఆరితేరిన ప్రోగ్రామర్. టెస్లర్ ఎదుట ఉన్నది వేగవంతమైన సొంత కంప్యూటర్, యంత్రాన్ని ఎన్నడూ ముట్టని కార్యాలయ ఉద్యోగి. ఎవరి సమస్యకు వారు సరైన సమాధానమే ఇచ్చారు.

నల్లతెర వారసులు

1988లో నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ తన అమిగా కంప్యూటర్‌లో వీఐ వంటి ఎడిటర్ లేని లోటు తీర్చుకోవడానికి పని మొదలుపెట్టారు. 1991లో లోకానికి అందిన ఆ సాధనమే ‘విమ్’. దానికి ఆయన ధర నిర్ణయించలేదు. నచ్చినవారు ఉగాండాలోని నిరుపేద బాలల సహాయార్థం విరాళం ఇవ్వవలసిందిగా మాత్రమే కోరారు. ఒక ప్రోగ్రాం లోకానికి ఉపయోగపడుతూనే పరోపకారానికి సాధనమైన ఉదాహరణ ఇది. 2023 ఆగస్టులో మూలెనార్ మరణించారు. ఆయన వెంట నడిచిన స్వచ్ఛంద సేవకులు ఆ పనిని ఆపలేదు. 2024 జనవరిలో వెలువడిన 9.1 సంచికను ఆయనకే అంకితమిచ్చారు.

విమ్‌ను తొలిసారి తెరిచినవారికి బయటకు వచ్చే దారి సైతం తోచదు. సాధారణ స్థితికి వచ్చి కోలన్, క్యూ, ఎంటర్ మీటలను వరుసగా నొక్కాలన్న సంగతి ఎవరో చెప్పాలి. ఈ బెడద లేని టెర్మినల్ ఎడిటర్ ‘నానో’. 1999లో క్రిస్ అలెగ్రెట్టా దీనిని ప్రారంభించారు. అంతకుముందున్న ‘పైకో’ ఎడిటర్‌కు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రత్యామ్నాయంగా ఇది పుట్టింది. కొలతల భాషలో నానో పైకోకు వెయ్యి రెట్లు గనుక పేరులోనే ఒక చమత్కారం దాగి ఉన్నది. ముఖ్యమైన ఆజ్ఞలు తెర అడుగునే కనిపిస్తాయి. ఎవరైనా కొద్ది నిమిషాలలో వాడుకోగలరు. అయితే విమ్‌లో ఉన్న ఆజ్ఞల వ్యాకరణం ఇందులో లేదు.

రంగుల కిటికీ

తెలుగునాట కళాశాలల ప్రయోగశాలల్లో సీ భాష నేర్చిన అనేకులకు ‘టర్బో సీ’ నీలితెర చిరపరిచితం. బోర్లాండ్ సంస్థ 1987లో విడుదల చేసిన ఆ సాధనంలో రాయడం, యంత్రభాషలోకి మార్చడం, నడిపి చూడడం అన్నీ ఒకే చోట జరిగేవి. నల్లతెరకూ రంగుల కిటికీకీ మధ్య అది ఒక వంతెన వంటిది.

2014లో గిట్‌హబ్ సంస్థ ‘ఆటమ్’ ఎడిటర్‌ను విడుదల చేసింది. దాని కోసం ఆ సంస్థ నిర్మించిన పునాదికే ‘ఎలక్ట్రాన్’ అని పేరు. వెబ్ పేజీలకు వాడే భాషలతోనే కంప్యూటర్ అనువర్తనాలను తయారుచేయడం దీని ప్రత్యేకత. 2015లో మైక్రోసాఫ్ట్ సంస్థ అదే పునాదిపై ‘విజువల్ స్టూడియో కోడ్’ను ప్రకటించింది. ఆ బృందానికి ఎరిక్ గామా నాయకత్వం వహించారు. రాస్తుండగానే తప్పును ఎర్రగీతతో చూపడం, సగం పదం కొట్టగానే మిగతా సగాన్ని సూచించడం, ప్రోగ్రాంను మధ్యలో నిలిపి దోషాన్ని వెతకడం వంటి వసతులు ఇందులో చేతికందే దూరంలో ఉంటాయి.

వీటిలో కొన్ని వసతుల వెనుక 2016లో వెలువడిన ఒక ఒప్పందం ఉన్నది. దానికి ‘లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్’ అని పేరు. అంతకుముందు ప్రతి ఎడిటరూ ప్రతి ప్రోగ్రామింగ్ భాషను విడిగా నేర్వవలసి వచ్చేది. పది ఎడిటర్లు, ఇరవై భాషలు ఉంటే రెండువందల అనుసంధానాలు కావాలి. ఒక్కొక్క భాషకు ఒక సహాయక ప్రోగ్రాం రాసి, అన్ని ఎడిటర్లూ దానితో ఒకే పద్ధతిలో మాట్లాడితే ముప్పైతో పని తీరుతుంది. వీఐ ఆజ్ఞల వ్యాకరణంలో కనిపించిన లెక్కే ఇది. కొద్ది నియమాలతో ఎక్కువ పనులు సాధించాలన్న సూత్రం నల్లతెరకూ రంగుల కిటికీకీ ఉమ్మడి ఆస్తి.

తూకం

మొదట భారం సంగతి చూడాలి. విమ్, నానో వంటివి అతి తక్కువ జ్ఞాపకశక్తితో, నొక్కిన మరుక్షణం తెరుచుకుంటాయి. ఎలక్ట్రాన్‌పై నడిచే ఎడిటర్ తనతోపాటు ఒక వెబ్ బ్రౌజర్ యంత్రాంగాన్ని మోసుకువస్తుంది. సామాన్యంగా కొన్ని వందల మెగాబైట్ల జ్ఞాపకశక్తిని ఆక్రమిస్తుంది. కొత్త కంప్యూటర్ ఉన్నవారికి ఇది పట్టదు. పాత కంప్యూటర్‌తో చదువు సాగించే విద్యార్థికి ఇదే పెద్ద అడ్డంకి.

రెండవది పనిచేసే చోటు. ఒక సంస్థ సర్వర్ అర్ధరాత్రి ఆగిపోయిందనుకుందాం. ఆ యంత్రం ఎక్కడో దూరాన ఉన్నది. దానికి తెర లేదు, మౌస్ లేదు. అమరికల ఫైలులో ఒక కామా తప్పిపోవడమే దోషం. అటువంటి అత్యవసర సమయంలో నిర్వాహకునికి దొరికేది టెర్మినల్ ఒక్కటే. యూనిక్స్ సంతతికి చెందిన వ్యవస్థలలో వీఐ గాని, దాని వారసుడు గాని సాధారణంగా సిద్ధంగా ఉంటుంది. ఆ రాత్రి పది ఆజ్ఞలు తెలిసినవాడు పని ముగించగలడు. తెలియనివాడు సాయం కోసం ఎదురుచూడాలి.

మూడవది నేర్చుకునే శ్రమ. ప్రోగ్రామింగ్ తొలిపాఠాలు చదివే విద్యార్థి భాషతోనూ, తర్కంతోనూ సతమతమవుతుంటాడు. ఎడిటర్ కూడా అతనికి మరో పరీక్ష కాకూడదు. తప్పును వెంటనే చూపే రంగుల కిటికీ అతనికి మంచి తోడు. తెరపాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే ఏర్పాట్లు విజువల్ స్టూడియో కోడ్‌లో ఉండడం దృష్టి లోపం ఉన్నవారికి మేలు చేస్తుంది. అయితే ప్రతి పదాన్నీ యంత్రమే పూరిస్తుంటే, ఆ పదం ఎందుకు అక్కడ ఉండాలో తెలుసుకునే ఓపిక సన్నగిల్లే ప్రమాదం ఉన్నది.

నాలుగవది తెలుగు విద్యార్థికి ప్రత్యేకంగా సంబంధించినది. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగు లిపికి చోటు దక్కింది. యూనికోడ్ అక్షరాలను ఫైళ్లలో దాచే యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో రూపొందించినవారు కెన్ థాంప్సన్, రాబ్ పైక్. ఈడీని రాసిన థాంప్సనే ఈయన. ఈ పద్ధతిలో ‘లక్ష్మి’ అనే మాటకు ఏడు సంకేతాలు, ఇరవై ఒక్క బైట్లు కావాలి. చదివేవారి కంటికి మాత్రం అవి రెండే అక్షరాలు. టెర్మినల్ తన తెరను సమానమైన గళ్లుగా విభజిస్తుంది. ఆంగ్ల అక్షరం ఒక గడిలో ఒదుగుతుంది. ఒత్తులు, గుణింతాలతో విస్తరించే తెలుగు అక్షరం ఒదగదు. అందువల్ల అనేక టెర్మినళ్లలో తెలుగు ముక్కలై కనిపిస్తుంది. ఎక్కడ చెరిపితే ఏది పోతుందో తెలియదు. బ్రౌజర్ యంత్రాంగం గల ఎడిటర్లు సంయుక్తాక్షరాలను చక్కగా కూర్చగలవు. తెలుగు వచనాన్ని ప్రోగ్రాంలో చేర్చవలసినవారికి ఈ విషయంలో రంగుల కిటికీయే మేలు. ఫైలులోని బైట్లు రెండింటిలోనూ ఒక్కటేనని మాత్రం మరువరాదు. చెదిరింది తెరమీది రూపమే గాని పాఠ్యం కాదు.

దగ్గరవుతున్న దారులు

కాలక్రమంలో ఈ రెండు తెగలు ఒకదాని గుణాలను మరొకటి స్వీకరించాయి. 2014లో విమ్ నుండి చీలిన ‘నియోవిమ్’ 2021లో తన 0.5 సంచికలో లాంగ్వేజ్ సర్వర్ సదుపాయాన్ని స్వయంగా చేర్చుకున్నది. నల్లతెరపైనా తప్పులు రంగుల్లో కనిపించాయి. మరోవైపు విజువల్ స్టూడియో కోడ్ 2019 నుండి దూరాన ఉన్న సర్వర్‌లోని ఫైళ్లను సొంత కంప్యూటర్‌లో ఉన్నట్లే తెరవగల ఏర్పాటును అందించింది. విమ్ ఆజ్ఞల వ్యాకరణాన్ని దానిలో అనుబంధంగా చేర్చుకుని వాడేవారూ ఉన్నారు. జాయ్, టెస్లర్ల వాదాలు ఇలా ఒకే తెరపై కలిసి మనుగడ సాగిస్తున్నాయి.

ఉపసంహారం

2022 డిసెంబరు 15న ఆటమ్ ఎడిటర్‌ను దాని సంస్థ విరమించింది. దానితో ఏళ్ల తరబడి పనిచేసినవారు మరొక ఎడిటర్‌ను వెతుక్కున్నారు. వారి అలవాట్లకు భంగం కలిగింది. వారు రాసిన ప్రోగ్రాములకు మాత్రం ఏ హానీ జరగలేదు. అవి సాదా పాఠ్యపు ఫైళ్లు కావడమే అందుకు కారణం. వాటిని విమ్‌లో తెరవవచ్చు, నానోలో తెరవవచ్చు, 1969 నాటి ఆలోచనతో నడిచే ఈడీలోనైనా తెరవవచ్చు.

విద్యార్థులు గ్రహించవలసినది ఇదే. రోజువారీ పనికి ఒక ఎడిటర్‌ను లోతుగా నేర్వాలి. అది ఏదైనా కావచ్చు. అత్యవసరానికి టెర్మినల్ ఎడిటర్‌లో ఫైలు తెరవడం, దిద్దడం, భద్రపరచడం, బయటకు రావడం అనే నాలుగు పనులు చేతికి రావాలి. ఒక ఎడిటర్ పక్షం వహించి మరొకదానిని ఈసడించడం వివేకం కాదు. ప్రతి పనిముట్టూ తన కాలపు ఇబ్బందికి వచ్చిన సమాధానం. ఆ ఇబ్బంది ఏదో తెలిసినవారికి ఏ పనిముట్టు ఎప్పుడు పట్టాలో తెలుస్తుంది. గంటం పోయినా తాటాకు మీది మాట నిలిచినట్లే, ఎడిటర్ మారినా శ్రద్ధగా రాసిన పాఠ్యం నిలుస్తుంది.

పదాలు – అర్థాలు

గంటం : తాటాకుపై రాసే ఇనుప కలం
లేఖకుడు : రాసేవాడు
మర్త్యులు : మానవులు
ఆవిర్భావం : పుట్టుక
ప్రత్యామ్నాయం : ఒకదానికి బదులుగా నిలిచేది
చిరపరిచితం : చాలాకాలంగా తెలిసినది
సతమతమగు : తికమకపడు
సన్నగిల్లు : తగ్గిపోవు
ఈసడించు : తిరస్కారంగా చూచు

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. టెర్మినల్ ఎడిటర్లు, ఆధునిక కోడ్ ఎడిటర్ల లాభనష్టాలను పోల్చి వివరించండి.
2. ‘ప్రతి పనిముట్టూ తన కాలపు ఇబ్బందికి వచ్చిన సమాధానం’ – పాఠ్యభాగం ఆధారంగా సమర్థించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. వీఐ ఆజ్ఞలకూ తెలుగు వాక్యానికీ గల పోలికను, భేదాన్ని తెలపండి.
2. స్థితుల విషయంలో లారీ టెస్లర్ అభిప్రాయం ఏమిటి?
3. టెర్మినల్‌పై తెలుగు అక్షరాలు సరిగా కనిపించకపోవడానికి కారణమేమిటి?
4. బ్రామ్ మూలెనార్ పరోపకార దృష్టిని వివరించండి.

ఇ) కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఈడీ ఎడిటర్‌ను రాసినవారు ఎవరు?
2. 300 బాడ్ వేగంతో 1920 అక్షరాల తెర నిండడానికి ఎంత కాలం పడుతుంది?
3. ఆటమ్ ఎడిటర్ కోసం నిర్మించిన పునాది పేరేమిటి?

భాషాభ్యాసం

సంధులు
పరోపకారం : పర + ఉపకారం – గుణసంధి
అత్యవసరం : అతి + అవసరం – యణాదేశ సంధి
విద్యార్థి : విద్యా + అర్థి – సవర్ణదీర్ఘ సంధి

సమాసాలు
లాభనష్టాలు : లాభమూ, నష్టమూ – ద్వంద్వ సమాసం
నల్లతెర : నల్లనైన తెర – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
నాలుగు పనులు : నాలుగు సంఖ్య గల పనులు – ద్విగు సమాసం